నలభై మూడు గీతలు, కుడి కుర్చీ

హైదరాబాద్ వెళ్ళొచ్చానని తెలిసిన ప్రతివాడూ చార్మినార్ ఎలా ఉందని అడుగుతున్నాడు. నేను చార్మినార్ చూడలేదు. గోల్కొండ చూడలేదు, బిర్యానీ కూడా తినలేదు. నాలుగు రోజుల్లో నేను చూసింది బోరబండలో ఒక ఇల్లు, బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డు, మాదాపూర్‌లో బండరాళ్ళ మధ్య లేచిన ఒక మేడ. అయినా రాస్తున్నాను. మా వీడియో గేముల సెంటర్‌లో నా ప్రయాణం గురించి రెండు కథలు తిరుగుతున్నాయి, రెండూ తప్పు.

ఎందుకు వెళ్ళానో ముందు చెప్పాలి. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ కొట్లాట గేమ్ తయారు చేస్తోంది. ఇద్దరు ఫైటర్లు ఎదురెదురుగా నిలబడి, తెర మీద ఒకడి ప్రాణం చూపించే గీత అయిపోయేదాకా కొట్టుకునే రకం. అందులో కంప్యూటర్ ఎంత గట్టిగా ఆడాలో లెవెల్స్ పెట్టడానికి బాగా ఆడేవాడు కావాలి. ఆర్నెల్ల ఉద్యోగం, ఒక్కడికే. బెజవాడలో మా సెంటర్ ఓనర్ బాబూరావు గారికి కబురొస్తే ఆయన నన్ను పంపారు. నేను డిగ్రీ మధ్యలో వదిలేసినవాణ్ణి. ఈ ఉద్యోగం రాకపోతే ఆ పై సోమవారం నుంచి వన్‌టౌన్‌లో మావయ్య స్టీలు సామాన్ల కొట్లో కూర్చోవాలని మా నాన్న తేల్చేశారు.

నన్నే పంపడానికి కారణం గోడ మీద గీతలు. మా సెంటర్‌లో గెలిచినవాడు ఎడమ కుర్చీలోంచి లేవడు. ఓడినవాడు లేస్తాడు, తర్వాతివాడు కుడి కుర్చీలో కూర్చుంటాడు. వరుసగా ఎన్ని గెలిస్తే గోడ మీద బొగ్గుతో అన్ని గీతలు. రోజు మారినా లెక్క తెగదు, ఎక్కువ గీతలున్నవాడు వస్తే ఎడమ కుర్చీ ఖాళీ చేసి ఇవ్వాలి. నావి నలభై మూడు. అందులో పద్నాలుగు నా స్నేహితుడు సత్తిబాబు మీద గెలిచినవి. వాడు ప్రతిసారీ చివరి రౌండు దాకా వచ్చి ఓడేవాడు. నిప్పు బంతి ఒక్కటి కూడా విసిరేవాడు కాదు, ఎంతసేపూ కాళ్ళతోనే. "నీ ఫైటర్‌కి చేతుల్లేవేంట్రా?" అని ఏడిపించేవాణ్ణి. నేను లేనప్పుడు సత్తిగాడు ఇరగదీస్తాడని ఎవరో అంటే, వాడు టీ ఇప్పించి ఉంటాడనుకున్నాను.

బాబూరావు గారు సెంటర్ పేరున్న కాగితం మీద నలభై మూడు సంగతి రాసి సంతకం పెట్టి ఇచ్చారు. మందుల కంపెనీలో పనిచేసే మా బావ తన సెల్‌ఫోన్ ఇచ్చాడు. వచ్చే కాల్‌కి కూడా నిమిషానికింత అని డబ్బులు పోతాయి, ఎత్తొద్దు, నంబర్ చూసి కట్ చెయ్యి అని పదిసార్లు చెప్పాడు. నేను దాన్ని జేబులో పెట్టలేదు. జేబులో పెడితే ఎవరికి కనపడుతుంది?

బోరబండ

దిగాల్సిన ఇల్లు యాదగిరి అన్నది. బాలానగర్‌లో లేత్ మిషన్ మీద టర్నర్ పని చేసి, ఇప్పుడు సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ఒక పక్క లేత్, ఇంకో పక్క నాలుగు గేమ్ మిషన్లు. మన బెజవాడ మిషన్లు చెడిపోతే బాగుచేసేది కూడా ఆయనే, బాబూరావు గారికి అలా పరిచయం.

పొద్దున్నే వెళ్ళేసరికి వాళ్ళమ్మ గడపలో కూర్చుని జొన్నరొట్టెలు చేస్తోంది. మన దగ్గర పొద్దున పూట ఇడ్లీ తప్ప ఇంకోటి నోట్లోకి దిగదు. ఇక్కడ రొట్టె, వెల్లుల్లి కారం. రెండు తిని చెయ్యి కడగబోయాను.

"గింతేనా బిడ్డా తినేది? గా ఫోను కింద పెట్టి సక్కగ కూసోని తిను. ఒక్క చెయ్యితోని తింటె కడుపు నిండదు."

మూడోది తిన్నాను. ఫోను మాత్రం కింద పెట్టలేదు.

ఆ వీధిలో అద్దెని కిరాయి అంటారు, ఆస్పత్రిని దవాఖాన అంటారు, ఏం అడిగినా ముందు "ఏంది?" అంటారు. మొదటి గంటలో అందరూ నాతో గొడవకి దిగుతున్నారనిపించింది. ఒకడితో నిజంగానే దిగాను. పాపం, వాడు టైం అడిగాడంతే.

బాలానగర్ షెడ్డు

రోడ్డుకి రెండు వైపులా ఫ్యాక్టరీ గోడలు, కాలిన నూనె వాసన, ఇనుప పొట్టు మెరుస్తున్న కాలవలు. షెడ్డులో ఆట టోకెన్ రెండు రూపాయలు. మన దగ్గర రూపాయే.

యాదగిరి అన్నకి నలభై ఏళ్ళుంటాయి. గోళ్ళలో నల్లటి గ్రీజు. నేను ఉత్తరం చూపించాను. చదివి మడిచి ఇచ్చేశాడు.

"నలభై మూడు మంచిగనే ఉంది తమ్మీ. ఎవల మీద?"

"అందరి మీదా."

"అందరంటె ఎవ్వరు గాదు."

లేత్ పక్కనున్న పెట్టెలోంచి వేలెడంత ఇనుప కడ్డీ తీశాడు. రెండు చివర్లా రెండు కొలతలు. చేసిన ముక్కకి బెజ్జం సరిగ్గా వచ్చిందో లేదో చూసే గేజీ అది. ఒక చివర బెజ్జంలోకి పోవాలి, రెండో చివర పోకూడదు. రెండూ పోతే ముక్క చెత్తబుట్టలోకే, రెండూ పోకపోయినా చెత్తబుట్టలోకే.

"ఎన్ని ముక్కలు జేసినవని నేనడుగ. యాడ పోతది, యాడ ఆగుతది, గదే జూస్త. ఆటగాడు సుత గంతే. ఇద్దరిని పెట్టిన నేను. ఒకన్ని కొట్టాలె, ఇంకొకని కాడ ఆగాలె. గప్పుడు నీ సైజు తెలుస్తది."

మొదటివాణ్ణి సులువుగా కొట్టాను. ఆట అవగానే వాడు లేచి నిలబడ్డాడు, నన్నూ లేవమన్నాడు. ఇక్కడ ప్రతి ఆటకీ కుర్చీలు మారాలట. గెలిచినవాడు ఎందుకు లేవాలని అడిగాను. షెడ్డులో అందరూ నా వంక చూశారు.

నెలల తరబడి నేను కుడి కుర్చీలో కూర్చోలేదు. అటు కూర్చుంటే నా ఫైటర్ ఎడమకి చూస్తాడు, నిప్పు బంతి విసరాలంటే జాయ్‌స్టిక్ కర్రని కిందనుంచి ఎడమకి గుండ్రంగా తిప్పాలి. చెయ్యి తిరగలేదు. రెండోవాడి దాకా పోకుండానే, ఇందాక నేను కొట్టినవాడి చేతిలోనే ఓడిపోయాను. కర్ర పాడైందని అరిచి బల్ల మీద గుద్దాను.

యాదగిరి అన్న స్క్రూడ్రైవర్ తెచ్చి, నా ముందే మిషన్ పలక విప్పాడు. కర్ర చుట్టూ నాలుగు చిన్న స్విచ్చులు. ఒక్కొక్కటి వేలితో నొక్కి చూపించాడు. టిక్, టిక్, టిక్, టిక్.

"నాలుగు పలుకుతున్నయ్. ఇగ ఖరాబైంది ఏంది?"

ఎవడో కిసుక్కున నవ్వాడు. నేను షెడ్డు బయటికెళ్ళి ఫోను చెవికి పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నిలబడ్డాను.

మాదాపూర్

రెండో రోజు, సోమవారం, శేరిలింగంపల్లి వైపు పోయే బస్సు ఎక్కాను. ఇళ్ళు అయిపోయాక కొండరాళ్ళు మొదలవుతాయి. ఏనుగంత రాయి మీద ఇంకో ఏనుగు, మధ్యలో రాళ్ళు పేల్చిన గుంటలు, నీళ్ళ ట్యాంకర్లు, ఆ వెనకాల అద్దాల హైటెక్ సిటీ. మెడలో కార్డులేసుకున్నవాళ్ళు దుమ్ములో రుమాలు అడ్డం పెట్టుకుని నడుస్తున్నారు. బయట బండి మీద టీ మూడు రూపాయలు. కంపెనీ ఉన్న మేడ కింద హోటల్లో కాఫీ పది. బెజవాడలో పది రూపాయలతో టిఫిన్ అవుతుంది.

గదిలో చలి. ఎనిమిది మందిమి వచ్చాం. పరీక్ష పెట్టేది సునంద గారనే ఇంజనీరు. కాకినాడ మనిషి, పాతికేళ్ళుంటాయి, అందర్నీ అండి అంటారు. గోడకి తెల్ల బోర్డు, దాని మీద ఎనిమిది పేర్లు, పక్కన నంబర్లు.

"అందరికీ వెయ్యితో మొదలండి. గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. మీకంటే పెద్ద నంబరున్నవాళ్ళ మీద గెలిస్తే ఎక్కువ కలుస్తుంది, చిన్న నంబరు మీద గెలిస్తే కొంచెమే. ఓడినవాళ్ళ దగ్గర అంతే పోతుంది. మూడు రోజులయ్యాక పైనున్నవాళ్ళే మావాళ్ళు."

ఉత్తరం తెచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆవిడ చదివి, "వరుసగా నలభై మూడంటే మామూలు విషయం కాదండి, మిమ్మల్ని వెయ్యి దగ్గర పెడితే మిగతావాళ్ళకి అన్యాయం" అని నా పేరు పక్కన వెయ్యిన్నూరు రాశారు.

నా పక్కన కూర్చున్న మహేశ్‌ది బోరబండే. సన్నగా ఉంటాడు, బబుల్‌గమ్ నములుతూనే ఉంటాడు.

"ఏం భయ్, బెజవాడకెల్లి నూరు సంచిల ఏస్కోనొచ్చినవా?"

"గెలిచి తెచ్చుకున్నా."

"సరే తియ్, జూద్దాం."

ఇక్కడ కూడా కుర్చీలు మారడమే. ఎడమ కుర్చీలో గెలిచాను, కుడి కుర్చీలో ఓడాను. సాయంత్రానికి నంబరు కిందికి జారుతోంది. ఖాళీగా ఉన్నప్పుడు ఎవరితోనైనా ఆడుకోవచ్చు, అదీ లెక్కే అన్నారు. అందరికంటే అడుగునున్న ఒక లావుపాటి అబ్బాయిని పట్టుకుని వరుసగా ఆరుసార్లు కొట్టాను. లేచి బోర్డు చూస్తే నా నంబరు మొత్తం మీద తొమ్మిది పెరిగింది.

"ఆరు ఆటలకి తొమ్మిదేంటండి?"

"ఆయన మీద మీరు గెలుస్తారని బోర్డుకి ముందే తెలుసండి. తెలిసిన విషయం చెప్తే ఎక్కువ ఎందుకిస్తుంది?"

లావుపాటి అబ్బాయి సిగ్గుతో నవ్వాడు. నాకు ఆ బోర్డుని చేత్తో తుడిచెయ్యాలనిపించింది.

మూడో రోజు సాయంత్రం

మూడో రోజు ఆటలయ్యాక బోర్డు మీద నేను వెయ్యిన్నూట పన్నెండు, మహేశ్ వెయ్యిన్నూట ఐదు. మిగతావాళ్ళు చాలా కింద. మర్నాడు పొద్దున మా ఇద్దరికీ ఐదు ఆటలు, దాంతో తేలిపోతుంది.

మెట్లు దిగుతూ మహేశ్ అన్నాడు. "ఎడమ దిక్కు కూసుంటె పులివి, కుడి దిక్కు కూసుంటె పిల్లివి. రేపు మూడుసార్లు కుడి దిక్కు రావాలని మొక్కుకుంట."

వాడి చొక్కా పట్టుకోబోయి ఆగాను. వాడు చెప్పింది నిజం. నేరుగా బాలానగర్ వెళ్ళి, కుడి కుర్చీలో ఆడించమని యాదగిరి అన్నని అడిగాను.

గంట ఆడాను. చెయ్యి కొంచెం తిరుగుతోంది. మధ్యలో ఆయన పాత సామాను డబ్బాలోంచి ఒక కర్ర తీసి నా చేతిలో పెట్టాడు. అరిగి పచ్చబడింది.

"గిది మీదే. దసరాకి ముందల మీ బెజవాడ మిషన్ నుంచి తీసిన. రెండు దిక్కుల స్విచ్చులు అరిగినయ్, రెండూ మార్చాలన్న. మీ బాబూరావు, ముందల ఎడమదొక్కటి మార్చు, కుడిది తర్వాత జూద్దాం అన్నడు. మల్ల పిలువనేలేదు. కుడిది మార్పించిండా?"

"కుడిదానికి ఏమైంది?"

"గా ఎడమకి తిప్పే స్విచ్చు. మెల్లగ నొక్కితె పలుకుతది, ఫైటర్ నడుస్తడు. గుండ్రంగ జల్ది తిప్పితె పలుకది. నిప్పు బంతి రాదు."

నా గీతలు మొదలైంది దసరాకే. నలభై మూడు ఆటలూ నేను కొత్త కర్రతో, అవతలివాడు చచ్చిన కర్రతో. చేతుల్లేని ఫైటర్. కాళ్ళతోనే ఆడి చివరి రౌండు దాకా వచ్చే సత్తిబాబు.

బయటికొచ్చి మా సెంటర్‌కి ఫోన్ చేశాను. సత్తిబాబు అక్కడే ఉన్నాడు. లైన్లోకొచ్చాడు.

"ఏరా, వచ్చేసిందా ఉద్యోగం?"

"కుడి కర్రలో నిప్పు బంతి రాదని నీకు తెలుసా?"

వెనకాల మిషన్ల మోత వినపడుతోంది.

"తెలుసు."

"మరి చెప్పి చావొచ్చు కదరా."

"చెప్పాను. దీపావళికి. నువ్వు కాలర్ పట్టుకున్నావు, ఓడినోళ్ళందరికీ కర్రే అడ్డొస్తుందన్నావు. వారం మాట్లాడలేదు. ఇంకెన్నిసార్లు చెప్పమంటావ్?"

నాకు గుర్తుంది. అప్పుడు అందరూ నవ్వారు, నేను గెలిచినట్టే అనిపించింది.

"మరి నన్ను పంపిస్తుంటే నోరెందుకు మూసుకున్నావ్?"

"నీ గీతలు నలభై మూడు, నావి పదకొండు. ఏమని చెప్తాను? బిల్లు పెరుగుతుంది, పెట్టెయ్."

వాడు పెట్టేశాడు. నేను ఫోనుని గోడకేసి కొట్టాను. అంటెనా విరిగి ఇనుప పొట్టులో పడింది. బావకి ఈ సంగతి ఇది చదివితేనే తెలుస్తుంది, దానంతటదే ఊడిందని చెప్పాను.

యాదగిరి అన్న గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "పరేషాన్ గాకు. రేపు ఆడేది కంపెనీ మిషన్ మీద, మీ మిషన్ మీద గాదు. గెలిస్తె గెలిచినట్టే."

"నూరు మాత్రం మా మిషన్ మీదదే కదన్నా."

ఆయన లోపలికెళ్ళి లేత్ ఆపేశాడు.

నాలుగో రోజు

పొద్దున రొట్టె తినలేకపోయాను. వాళ్ళమ్మ రొట్టెలు కాగితంలో చుట్టిచ్చింది. బస్సులో నిలబడి లెక్కలు వేస్తూనే ఉన్నాను. ఆ నూరు తీసేస్తే నేను కొంచెం అటూ ఇటూగా వెయ్యిన్ని పన్నెండు, నాలుగో వాణ్ణి. ఐదుకి ఐదు గెలిచినా అందను. తియ్యకపోతే మూడు గెలిస్తే చాలు. ఎవరికీ తెలియదు. ఉత్తరం మీద సంతకం ఉంది, గోడ మీద గీతలున్నాయి, అవి అబద్ధం కాదు. కండక్టర్ టికెట్ అడిగితే వాడి మీద కసురుకున్నాను. "ఏంది, పొద్దుగాల్నే?" అన్నాడు. నిజమే.

గదిలో మహేశ్ అప్పటికే కూర్చుని వేళ్ళు విరుచుకుంటున్నాడు. సునంద గారు నాణెం చేత్తో పట్టుకున్నారు, మొదటి కుర్చీ ఎవరిదో తేల్చడానికి. నా చేతిలో ఫోను కూడా లేదు, సంచిలో ఉంది.

"మేడమ్, నా నూరు తీసెయ్యండి."

"ఏంటండి?"

చెప్పాను. దసరా, ఎడమ కర్ర, కుడి స్విచ్చు, నలభై మూడు. సత్తిబాబు చెప్పింది, నేను వాడి కాలర్ పట్టుకుంది కూడా. గొంతు పైకి లేచింది, ఆవిడ మీద కోపమొచ్చినవాడిలా చెప్పాను.

ఆవిడ నాణెం బల్ల మీద పెట్టారు. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదండి."

"తెలుసండి."

"నూరు లేకపోతే మీరు పైకి రాలేరు."

"అదీ తెలుసు." అసలు అడగాలనుకున్నది అప్పుడడిగాను. "మా సత్తిబాబుని పిలిపిస్తానండి. రేపు పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి వచ్చేస్తాడు. వాణ్ణి ఒక్కసారి చూడండి."

ఆవిడ బోర్డు వంక చూశారు. "పేర్లు మొన్నే పైకి పంపేశానండి. ఇవాళ ఒకరి పేరు చెప్పాలి. ఆయన సోమవారమే వచ్చుంటే బాగుండేది."

సోమవారం వచ్చింది నేను.

ఆవిడ బట్టతో నా నంబరు తుడిచి, కొత్తది రాశారు. మహేశ్ బబుల్‌గమ్ నమలడం ఆపాడు.

"నీకేమన్న పిచ్చా భయ్? నిన్న రాత్రంత నిద్రపోలే నేను, నిన్నెట్ల కొట్టాల్నని."

"ఇప్పుడు కొట్టు."

లెక్కకి అక్కర్లేకపోయినా ఐదూ ఆడాం. ఐదూ కుడి కుర్చీలోనే కూర్చుంటానన్నాను. రెండు గెలిచాను. చివరిది గెలిచాక మహేశ్ కింద హోటల్లో పది రూపాయల కాఫీ ఇప్పించాడు. నీళ్ళలా ఉంది. మా ఇద్దరికీ ఆ ఒక్క విషయంలో గొడవ రాలేదు.

బస్సెక్కే ముందు యాదగిరి అన్న న్యూస్‌పేపర్లో చుట్టిన కొత్త స్విచ్చు నా చేతిలో పెట్టాడు. ఎలా బిగించాలో తన మిషన్ విప్పి రెండుసార్లు చూపించాడు.

బెజవాడ

ఒక కథేమో నేను ఓడిపోయి వచ్చానని. రెండోది, స్నేహితుడి కోసం ఉద్యోగం వదిలేశానని. స్నేహితుడికి ఏమీ రాలేదు, వాడికి రావాల్సిన మూడు రోజులూ నేనే ఆడేశాను. ఇది స్టీలు కొట్లో బిందెల వెనకాల కూర్చుని రాస్తున్నాను.

దిగిన రోజే సెంటర్‌కి వెళ్ళి, బాబూరావు గారు వద్దంటున్నా పలక విప్పి స్విచ్చు బిగించాను. గోడ మీద గీతలు తడిబట్టతో తుడిచాను. బొగ్గు పూర్తిగా పోలేదు, మరకలా మిగిలింది. సత్తిబాబు మూల నిలబడి చూస్తున్నాడు తప్ప దగ్గరికి రాలేదు.

"ఎడమ కుర్చీలో కూర్చో" అన్నాను.

"నాకు కుడిదే అలవాటు" అన్నాడు, వచ్చి అక్కడే కూర్చున్నాడు.

నేను ఎడమవైపు కూర్చున్నాను. ఆట మొదలైంది. వాడు కర్రని ఒక్కసారి కిందనుంచి గుండ్రంగా తిప్పాడు. లోపల టిక్ టిక్‌మని రెండుసార్లు పలికింది, తెర మీద వాడి ఫైటర్ చేతులు చాచాడు. నిప్పు బంతి నా వైపు వస్తోంది. అడ్డుకోవడానికి బోలెడు టైముంది. నేను అలా చూస్తూ ఉండిపోయాను.